ఒక సైకిలుకి మూడు నూనెలు

2004 అక్టోబరు 22, శుక్రవారం, విజయదశమి. ఉదయం తొమ్మిదిన్నరకి మా ఆరోగ్య కేంద్రం జీపు డ్రైవరు నా సైకిలు బ్రేకు పళ్ళేలకి నువ్వుల నూనె పూశాడు. అంతా అక్కడే మొదలైంది. ఆ సమయానికి నేను లోపల ఒకాయన కాలి పుండుకి కట్టు కడుతున్నాను. కట్టు ముగించి, చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి పదిన్నర. గంటలో చేయగలిగినంతా చేసి, అందరూ కొబ్బరి ముక్కలు నములుతూ నిలబడ్డారు.

ముందు ఆ సైకిలు సంగతి చెప్పాలి. అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. అరకు పైన కొండల్లో ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉన్నాను. కాఫీ రైతులతో పని చేయడానికి వచ్చిన ఒక విదేశీ ఆవిడ రెండేళ్ళు ఉండి, 2002 మార్చిలో తిరిగి వెళ్ళిపోతూ తన సైకిలు నాకిచ్చింది. ఆవిడకి రెండుసార్లు మలేరియా వస్తే పక్కన కూర్చున్నది నేను. సైకిలు అప్పటికే పాతది, రంగు పెచ్చులు లేచిపోయింది. కానీ దానికున్నలాంటి బ్రేకులు మా చుట్టుపక్కల ఇంకే సైకిలుకీ లేవు. మామూలు సైకిలుకి రబ్బరు ముక్కలు చక్రం అంచుని పట్టుకుంటాయి. ఘాటు రోడ్డు దిగుతుంటే అవి కాలి కంపు కొడతాయి, వానలో అసలు పట్టవు. అందుకే మా వైపు వాళ్ళంతా పల్లం వస్తే సైకిలు దిగి నడిపించుకుంటూ పోతారు. ఈ సైకిలుకి ఒక్కో చక్రం మధ్యలో ఒక ఇనుప పళ్ళెం ఉండేది. హ్యాండిలు దగ్గర లీవరు నొక్కితే సన్నటి గొట్టంలో ఉన్న నూనె కదిలి, రెండు చిన్న బిళ్ళల్ని రెండు పక్కల నుంచీ పళ్ళేనికి నొక్కేది. రెండు వేళ్ళు చాలు, బండి ఆగేది.

నూనె గొట్టం లోపల ఉండాలి. పళ్ళెం మీద చుక్క కూడా పడకూడదు. ఆవిడ నాకు చెప్పిన నియమం ఇదొక్కటే. "వేలితో కూడా తాకకు" అంది. రెండేళ్ళ ఏడు నెలలు నేను తాకలేదు. ఈ నియమం తలకెక్కడానికి చదువు కూడా అక్కర్లేదు. నూనె చేతులతో సీసా మూత తిప్పబోయి జారిన అనుభవం ఒక్కసారి ఉంటే చాలు. మా కేంద్రంలో అందరికీ చేతులున్నాయి, అందరి ఇళ్ళలో సీసాలున్నాయి.

ఆ సైకిలుతో నాకు పెద్ద అవసరం ఒకటే. కొండ వెనక నలభై గడపల ఊరొకటి ఉంది. మా కేంద్రానికి పదకొండు కిలోమీటర్లు. కల్వర్టు కొట్టుకుపోయాక జీపు అక్కడికి పోవడం మానేసింది. ప్రతి నెలా రెండో బుధవారం నేను మందుల చల్లపెట్టె వెనక కట్టుకుని వెళ్ళి, చంటిపిల్లలకి సూదులు వేసి వచ్చేదాన్ని. లోపలి ఐసు కరిగేలోగా, సాయంత్రం నాలుగింటికల్లా పెట్టె కేంద్రానికి తిరిగి చేరాలి. సైకిలు మీద ఒకవైపు గంటా పావు. నడిస్తే రెండు గంటల నలభై నిమిషాలు, అదీ నా మోకాళ్ళు బాగున్న రోజుల్లో.

ఇక ఆ శుక్రవారానికి వస్తాను. హ్యాండిలుకి బంతిపూల దండ, సీటుకి పసుపు కుంకుమ. వాటితో నాకేమీ పేచీ లేదు. రెండు పళ్ళేలూ తళతళలాడుతున్నాయి. వాటితోనే పేచీ.

"మీ బండికి గూడా సేసినాను సిస్టరమ్మా," అన్నాడు డ్రైవరు. "జీపుకి సేసి, డాక్టరుగారి బండికి సేసి, దాన్నొక్కదాన్నీ ఒగ్గేత్తే ఏం బాగుంటాది."

"ఈ పళ్ళేలకి నూనె పూయమని ఎవరు చెప్పారు?"

"తుప్పట్టకుండా అమ్మా. ఇనుమేగదా. సూడండి, అద్దంలాగుంది."

"తరవాత బ్రేకు నొక్కావా?"

"సెక్రాల కింద నిమ్మకాయలెట్టి, తొక్కించి, నొక్కినాను. మూడుసార్లు. ఎన్నపూసలాగ పోతంది."

బ్రేకు వెన్నపూసలా ఉండడం మంచిదనుకునే ఈ మనిషి పదిహేనేళ్ళుగా ఘాటు రోడ్డులో జీపు నడుపుతున్నాడు. గుమ్మలక్ష్మీపురం వైపు వాడు. సీలేరులో ఉన్నప్పుడు లారీలు విప్పి బిగించానని మనిషి కనపడగానే చెప్పేవాడు. బిగించిన తరవాత అవి ఎంత దూరం పోయాయో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

దూదిని స్పిరిట్టులో తడిపి పళ్ళేలు రెండూ ఆరుసార్లు తుడిచాను. మర్నాడు కేంద్రం పక్కనున్న పల్లంలో దిగి చూస్తే సైకిలు ఈనుతున్న గేదెలా అరిచింది, ఆగలేదు. గట్టున ఉన్న గడ్డిలోకి తిప్పి కాలు ఆనించాను. అప్పుడు కూర్చుని ఆలోచించాను, ఆ పని మా కేంద్రంలో ఇంకెవరూ చేయరు కాబట్టి. లీవరు నొక్కితే గట్టిగా తగులుతోంది. అంటే గొట్టంలో నూనె సరిగానే ఉంది, గాలి చేరలేదు. గాలి చేరితే లీవరు మెత్తగా హ్యాండిలు దాకా దిగిపోతుంది. లీవరు గట్టిగా ఉండి కూడా బండి ఆగలేదంటే తప్పు బిళ్ళల్లో ఉంది. నూనె పళ్ళెం మీద నుంచి బిళ్ళల్లోకి ఇంకింది. పళ్ళెం తుడిస్తే బిళ్ళలు బాగుపడవు.

ఈ మాటే కేంద్రంలో చెప్పాను. పూజలో పూసిన నూనెతో బ్రేకు పోయిందన్నాను. అందరికీ ఆ వాక్యంలో మొదటి మాట ఒక్కటే వినపడింది.

"పూజ సేత్తే బ్రేకు పోతాదేటి?" అంది ఆయా, గోడకేసి చూస్తూ. "ఆవిడ గుడి వేరు గదా, అలాగే అంటాది."

నేను ఆదివారం చర్చికి వెళ్ళే మనిషినన్నది నిజం. ఆ ముక్క దొరకగానే ఇక నూనె ఊసు ఎవరికీ అక్కర్లేకపోయింది. డాక్టరు గారు, ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాయన, విశాఖ బదిలీ ఎప్పుడొస్తుందా అని చూస్తుండే మనిషి, నన్ను గదిలోకి పిలిచారు.

"సిస్టర్, మతాల గొడవ ఆఫీసులోకి తేకండి."

"నేను మతం సంగతి మాట్లాడలేదు సార్. నూనె సంగతి మాట్లాడాను."

"అదే, ఆ టాపిక్ వదిలేయండి."

వదిలేశాను. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చక్రాలు రెండూ ఊడదీసి, ఆవిడ ఇచ్చిన ఆరు పలకల చువ్వతో బిళ్ళలు నాలుగూ బయటికి తీశాను. ఉప్పుకాగితం మీద వాటి ముఖాలు అరగదీశాను. పాత పెనం కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, ఆ బిళ్ళల్ని వేయించాను. ఇల్లంతా తాలింపు వాసన. పక్కింటావిడ ఏం వండుతున్నారని అడిగింది. బ్రేకులు అన్నాను. ఆవిడ నవ్వి, రుచి చూడ్డానికి గిన్నె తెచ్చుకోనా అంది. ఆ మూడు వారాల్లో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

మళ్ళీ అరగదీసి, మళ్ళీ వేయించి, మంగళవారం, అంటే 26న, బిగించి చూశాను. మునుపటంత కాకపోయినా మూడొంతుల్లో రెండొంతులు పట్టింది. అరుపు పోయింది. రెండో బుధవారం నవంబరు 10. ఇక భయం లేదనుకున్నాను.

ఆ ఆదివారం, 31న, సైకిలు మీదే చర్చికి వెళ్ళాను. మాట నాకంటే ముందే అక్కడికి చేరి ఉంది. మా సంఘపెద్ద రిటైరైన తాలూకా ఆఫీసు గుమాస్తా. గట్టిగా మాట్లాడితే దేవుడికి బాగా వినపడుతుందనుకునే మనిషి. డ్రైవరు పూజ వల్ల బ్రేకు పోయిందన్న కథ ఆయనకి ఎంత నచ్చిందంటే, ప్రార్థనలో రెండుసార్లు నా సైకిలు ప్రస్తావన తెచ్చాడు. ఆరాధన ముగిసి నేను పిల్లల బరువులు చూస్తుండగా, ఆయన రేకు డబ్బాలో ప్రార్థన చేసిన కొబ్బరినూనె పట్టుకుని బయటికి నడిచాడు. చలికి అది గడ్డకట్టి ఉంది. వేలితో గీకి, హ్యాండిలుకి రాసి, సీటుకి రాసి, శత్రువు చేయి ఎక్కడ పడిందో అక్కడే రాయాలని పళ్ళేలకి కూడా రాశాడు. నేను బయటికి వచ్చేసరికి చక్రం తిప్పి తిప్పి రాస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు అయ్యగారూ?"

"విడిపిస్తున్నానమ్మా. వాళ్ళు పూసినదాని మీద ప్రభువు నూనె పూశాను. ఇంక చూసుకో."

"వాళ్ళు పూసిందీ నూనే, మీరు పూసిందీ నూనే. బిళ్ళకి ఏది ఎవరిదో తెలీదు."

"చదువుకున్నవాళ్ళకి విశ్వాసం ఇంతే," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. వాళ్ళు తలలూపారు. నన్ను ఎక్కమన్నాడు, సాక్ష్యం కోసం. నేను నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. పైగా దారిలో ఒకాయన, మొన్న హిందువులు పాడు చేశారట, ఇవాళ మనవాళ్ళు బాగు చేశారట కదా అని పలకరించాడు.

కొబ్బరినూనె గడ్డగా ఉంది కదా, ఊడి వచ్చేస్తుందనుకున్నాను. ఎండకి కరిగి అదీ లోపలికి పోయింది. మళ్ళీ పెనం, మళ్ళీ ఉప్పుకాగితం. ఈసారి ముందు చక్రం బిళ్ళలు రెండూ అరగదీస్తుంటే పెళుసుబారి రాలిపోయాయి, ఇనుప వెన్నులే తిరిగి బిగించాను. వెనకవి మిగిలాయి, సగం బలంతో. సోమవారం అరకు దిగి, ఐ.ఎస్.డి. బూతు నుంచి విదేశీ ఆవిడకి ఫోను చేశాను. ఆవిడ పెద్దగా నవ్వలేదు. కొత్త బిళ్ళలు పంపుతాను, నెలా నెలన్నర పడుతుంది అంది.

అదే రోజు సాయంత్రం డాక్టరు గారు ఆఖరి మాట చెప్పారు. కొండ వెనక ఊరికి విడిగా సూది రోజు అనవసరమని ఆయన ఎప్పటినుంచో అంటున్నారు. ఆ తల్లులు సంత జరిగే ఊరికే నడిచి రావచ్చు కదా అని. కొండ ఎక్కి దిగి, చంటిపిల్లని ఎత్తుకుని, సంత రోజు కానప్పుడు ఎవరు వస్తారని నేను అంటూనే ఉన్నాను.

"పదో తారీకు చూస్తాను సిస్టర్. నాలుగింటికి పెట్టె ఇక్కడుండాలి. లేకపోతే ఆ ఊరిని సంతలో కలిపేస్తాను."

నేను లెక్క వేసుకున్నాను. వెనక బ్రేకు సగం ఉంది. ఏటవాలు పల్లాల్లో దిగి నడిపించి, మిగతా చోట తొక్కితే ఒకవైపు గంటా నలభై. ఉదయం ఎనిమిదికి బయలుదేరితే మూడున్నరకి వచ్చేయొచ్చు. ఎవరూ ఏ సాయమూ చేయకుండా ఉంటే చాలు.

బుధవారం, నవంబరు 3న, నేను వేరే ఊళ్ళో సూదులు వేసి వచ్చేసరికి డ్రైవరు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. నా సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉంది. కింద మట్టిలో తడి.

"గాలి పట్టేసింది సిస్టరమ్మా. పాత నూనంతా ఒంపేసి కొత్తది పోసినాను. రెండిట్లోనూ. జీపుది, మంచి సరుకు."

"గాలి పడితే లీవరు మెత్తగా దిగాలి. నిన్నటిదాకా అది రాయిలా ఉంది. గాలి ఎక్కడ పట్టింది, నీ తలకాయలోనా?"

"కోపంలో గూడా జోకులేత్తారు మీరు," అని నవ్వాడు.

"లీవరు దగ్గర నూనె పోసే ఆ మూత మీద ఏం రాసుందో చూశావా?"

"ఇంగిలీసు."

"మినరల్ ఆయిల్ మాత్రమే పోయాలని రాసుంది."

"మినరల్ వాటరు ఇన్నాను గానీ, మినరలాయిలేటమ్మా? నూనంటే నూనే."

డాక్టరు గారు వరండాలోకి వచ్చారు. ప్రభుత్వ జీపు ఆయిలు నా సొంత సైకిలుకి వాడినా తాను చూసీ చూడనట్టు ఊరుకున్నానని, అది గుర్తుంచుకోమని అన్నారు. నేను ఆయనకి కృతజ్ఞతలు చెప్పాలని ఎదురు చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డారు.

జీపు బ్రేకు నూనె వేరు, ఆ సైకిలు నూనె వేరు. అది తగిలితే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. శుక్రవారానికి లీవరు నొక్కితే నెమ్మదిగా తిరిగి వచ్చేది. ఆదివారానికి సగం దాకా వచ్చి ఆగిపోయేది. బిళ్ళలు పళ్ళేన్ని వదలడం లేదు. ముందు చక్రానికి బిళ్ళల మందం రాలిపోయి వాటి ఇనుప వెన్ను ఒక్కటే మిగిలింది కదా, ఆ ఇనుమే పళ్ళేన్ని కరుచుకుంటోంది. ఎవరూ ఎక్కొద్దని అందరికీ వినపడేలా చెప్పి, సైకిలు షెడ్డులో పెట్టాను.

అందరికీ వినపడింది. అందుకే డ్రైవరు ఎక్కాడు. సోమవారం, 8న, పొద్దున్న ఏడు దాటాక, తన చేతిపని చూపించడానికి ఆయాని, ఇద్దరు రోగుల్ని గట్టున నిలబెట్టి పల్లంలోకి వదిలాడు. మొదట చక్రం బరువుగా కదిలింది. పల్లం సగంలో ముందు బ్రేకు ఒక్కసారి నొక్కాడు, అది ఇక వదల్లేదు. సైకిలు అక్కడే నిలిచిపోయింది, డ్రైవరు ముందుకి పోయాడు. నేను గేటు దగ్గరికి చేరేసరికి రోడ్డు మీద కూర్చుని ఎడమ భుజం పట్టుకుని ఉన్నాడు. కాలరు ఎముక విరిగింది. చొక్కా కత్తిరించి, రెండు భుజాలూ వెనక్కి లాగి, ఎనిమిది అంకెలా కట్టు కట్టాను. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నూనె సాల్లేదేమో సిస్టరమ్మా," అన్నాడు.

కట్టు ఇంకొంచెం బిగించాను. బిగించాల్సిన కట్టే అది.

ఆ మాట కూడా బయటికి పోయింది. కుంకుమ కడిగేయడం వల్ల అలా జరిగిందని ఆయా, ప్రార్థన చేసిన సైకిలు మీద అన్యుడు ఎక్కడం వల్ల జరిగిందని సంఘపెద్ద. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండానే, నూనె తప్పు మాత్రం కాదని ఒకే మాట అన్నారని, ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ ఎంత పొత్తు కుదిరిందోనని నాకు అప్పుడు అనిపించింది.

నవంబరు 10న తెల్లవారి ఐదున్నరకే పెట్టె భుజాన వేసుకుని నడిచాను. పొగమంచు విడవలేదు. కల్వర్టు దగ్గర ఒకసారి, కొండ నెత్తిన ఒకసారి ఆగాను. దిగుడులో మోకాళ్ళు కదల్లేదు, కర్ర పట్టుకుని పక్కకి పక్కకి అడుగులేస్తూ దిగాను. ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. తల్లులు అప్పటికే పొలాలకి పోయారు. సైకిలు గంట వినపడితే వస్తారు, నడిచి వస్తే ఎవరికి తెలుస్తుంది. ఒక్కొక్కరినీ చోడి చేలల్లోంచి, కాఫీ మొక్కల్లోంచి పిలిపించి సూదులు వేసేసరికి ఒంటిగంటయింది.

ఆఖరుగా వచ్చినావిడ చంకలో తొమ్మిది నెలల పాప, నడుముకి కాఫీ పళ్ళు కోసే బుట్ట. పాపకి తట్టు సూది వేస్తూ, వచ్చే నెల నుంచి సంత ఊరికి రమ్మంటే వస్తావా అని అడిగాను.

"ఏల నర్సమ్మా, నువ్వు రావా?"

"రానివ్వకపోతే."

"ఇప్పుడు కోతలు గదా. కొండెక్కి దిగి వత్తే ఒక రోజు పోతాది. జొరమొత్తే ఇంకో రోజు. మా అత్త ఒగ్గదు." పాప ఏడుపు మానేదాకా ఊపుతూ నిలబడింది. "నువ్వే బేగి రా. సైకిలు లేకపోతే రాత్రికి మా ఇంట పడుకో."

డాక్టరు గారికి ఈ మాట చెప్పి ఉండొచ్చు. చెప్పినా ఆయన గడియారమే చూసేవారు. తిరుగుదారిలో ఎక్కడమే ఎక్కువ. కేంద్రం గేటు దాటేసరికి ఐదు ఇరవై. ఆయన పెట్టె మూత తీసి ఐసు ముక్కలు వేలితో కదిపారు. అవి ఇంకా పూర్తిగా కరగలేదు.

"గంటా ఇరవై నిమిషాలు లేటు, సిస్టర్."

"నడిచి వెళ్ళి వచ్చాను సార్."

"అందుకే కదా చెప్తున్నాను, ప్రాక్టికల్ కాదని."

మర్నాడు పొద్దున్న ఆర్డరు టైపయి వచ్చింది. కొండ వెనక ఊరు డిసెంబరు నుంచి సంత ఊరిలో కలిసింది.

డిసెంబరు 18న పార్సిలు వచ్చింది. చిన్న అట్టపెట్టెలో నాలుగు కొత్త బిళ్ళలు, ఒక్కోదాని చుట్టూ కాగితం. నూనె తగలనివ్వొద్దని ఆవిడ మళ్ళీ రాసింది. బిళ్ళలు సరిగ్గా సరిపోయాయి. కానీ ఉబ్బిన వాషర్లు అలాగే ఉన్నాయి, లీవరు కదల్లేదు. ఆ వాషర్లు అరకులోనూ లేవు, విశాఖలోనూ లేవు. సైకిలు షెడ్డులో జీపు పక్కన నిలబడిపోయింది. ఆయుధ పూజకి మాత్రం ఏటా దానికి కూడా బంతిపూలు కట్టేవారు.

పోయినవాటి లెక్క ఇది. సైకిలుకి ముందు బ్రేకు, వెనక బ్రేకు. పాత బిళ్ళలు నాలుగు. కొత్త బిళ్ళలు నాలుగు, ఒక్కసారి కూడా వాడకుండా. డ్రైవరు కాలరు ఎముక, ఆరు వారాలు. ఆ ఆరు వారాలు జీపు కదలక ఇంకో రెండు ఊళ్ళ సూది రోజులు. కొండ వెనక ఊరికి, కొత్త డాక్టరు వచ్చి ఆర్డరు మార్చేదాకా, 2004 డిసెంబరు నుంచి 2006 జూను వరకు పంతొమ్మిది సూది రోజులు. ఆ నెలల్లో ఆ ఊళ్ళో సూదులు పడాల్సిన పిల్లలు ఇరవై ఏడుగురు. అన్నీ పడినవాళ్ళు తొమ్మిది మంది. పడనివాళ్ళు పద్దెనిమిది.